పండుగ పేలాలు: పంచుకొను పద్ధతి

ధనుర్మాసము సగము గడిచినదనగా మన యిండ్లలో పిండివంటల లెక్క మొదలగును. అరిసెలకు బియ్యమెంత నానబోయవలయును, జంతికల పిండి మరకెప్పుడు పంపవలయును, నేయి చాలునా చాలదా యని అత్తాకోడండ్రు కూర్చుండి వ్రేళ్ళు మడిచి లెక్కించుచుందురు. ఆ లెక్కలోనికి రాని తినుబండమొకటి కలదు. పేలాలు, మరమరాలు, అటుకులు కలిపి పోపు పెట్టి డబ్బాలో పోసి యుంచుకొనునది. దానిని పిండివంట యని యెవ్వరు ననరు. వియ్యపురాలికి పంపు సారెలో దానికి చోటు లేదు. బజారున మిక్చరనియు, తెలంగాణమువారు చుడువా యనియు వ్యవహరింతురు. మేము కలగలుపని వ్రాయుచున్నాము. పేరెట్లున్నను సంక్రాంతి మూడునాళ్ళలోను అరిసెల పళ్ళెరముకన్న ముందుగా అడుగంటునది ఈ డబ్బాయే యని పిల్లలున్న ప్రతి యిల్లాలికిని దెలియును. ఈ నెల దీనిని గూర్చి కొంచెము వివరముగా ముచ్చటింతము. చేయు విధమే గాక, చేసినదానిని ఎవ్వరికి, ఎట్లు పంచవలయునను సంగతి కూడ చెప్పవలసియున్నది. నిజమునకు మేము కలము పట్టినది ఆ రెండవ సంగతి కొఱకే.

పేలాలను అల్పవస్తువుగా నెంచుట మనకు తగదు. వేయించిన యవలకు వేదమున ధానములని పేరు. ఇంద్రునికి సమర్పించు ఆహారములలో నవి యొకటి. వివాహమున లాజహోమము జరుగునపుడు పెండ్లికూతురి దోసిట ఆమె తోబుట్టువు వరిపేలాలు పోయును. ఆమె వానిని అగ్నికి అర్పించును. అనగా కొత్త యింటి కోడలు తన చేతులతో మొదట పంచిపెట్టునది పేలాలే. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు జొన్నపేలాలు దంచి బెల్లము, యాలకులు చేర్చి పేలపిండి చేసి దేవునికి నైవేద్యమిడి ఇంటింటికి పంచుట నేటికిని విడువని యిండ్లు చాల గలవు.

ఇక అటుకుల మాట. కుచేలోపాఖ్యానము మన స్త్రీలలో తెలియనివారుండరు. శ్రీకృష్ణుడు మిత్రుని కొంగు విప్పి పిడికెడు అటుకులు ఆరగించుటయు, రెండవ పిడికిలి ఎత్తగా దేవి చేయి పట్టుకొని వారించుటయు చెప్పుకొని పరవశింతుము. సంస్కృత భాగవతములో దీనికి ముందుగా చిన్న సంగతి యొకటి కలదు. ఆ యటుకులు కుచేలుని యింటివి కావు. ఇంట నేమియు లేకపోగా ఆయన యిల్లాలు ఇరుగుపొరుగు విప్రుల యిండ్లకు బోయి నాలుగు పిడికిళ్ళు యాచించి తెచ్చి, గుడ్డపేలికలో ముడివేసి భర్త చేతి కిచ్చినది. పురాణము చెప్పువారు ఈ మాటను త్వరగా దాటిపోవుదురు. వంటయింటివారికి నిలిచి వినదగిన చోటు అదియే. పేదరాలు వాకిట నిలువబడి అడుగగా లేదనక పోసిన ఆ యిల్లాండ్ర పేర్లు ఎక్కడను లేవు. వారు పోయనిచో కుచేలుడు ద్వారకకు వట్టిచేతులతో పోవలసినవాడే గదా!

మా పల్నాటి సీమకు జొన్న తోడి చుట్టరికము పాతది. శ్రీనాథ మహాకవి ఇటు వచ్చి, సన్నబియ్యము దొరకక, జొన్నకూడు మ్రింగుడుపడక చాటుపద్యములు చెప్పెనని లోకవాడుక. మా తండ్రిగారు మాకు ఆ పద్యములు చెప్పించునప్పుడు మా నాయనమ్మ వినకుండ గొంతు తగ్గించెడివారు. ఆమె పుట్టిల్లు కారెమపూడి వైపు. నైషధమును తెనిగించిన నాలుకకు జొన్నసంకటి రుచింపకపోవుట నిజమే కావచ్చును. ఆ మహాకవికి ఎవ్వరును మంగలమున వేయించిన వేడి పేలాలు పెట్టి చూచినట్లు లేదు. పెట్టియుండిన ఒక పద్యమైనను మన పక్షమున చెప్పియుండునని మా నమ్మకము.

1967వ సంవత్సరము ఆగస్టు నెలలో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ వచ్చిన తరువాత ఈ సీమ మాఱినది. నీరెక్కిన చోట వరి, తక్కిన చోట ప్రత్తియు, మిరపయు పెరిగినవి. మా పిడుగురాళ్ళకు సున్నపు బట్టీలవలన పేరు వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి మేము గుంటూరు జిల్లావారము గాక పల్నాడు జిల్లావారమైతిమి. ఇన్ని మార్పుల నడుమ ఇంటింట జొన్న గరిసెలు మాయమైనవి, వానితో మంగలములును అటక యెక్కినవి. అంతలో ఐక్యరాజ్యసమితివారు 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిరి. ఆ యేటి మార్చి నెలలోనే మన రాష్ట్రపు బడులలో పిల్లలకు రాగిజావ పోయుట మొదలుపెట్టిరి. ఒకనాడు పేదకూడని తలవంచుకొని తిన్న ధాన్యమునే నేడు రంగురంగుల పొట్లములలో పోసి సన్నబియ్యము కంటె నెక్కువ వెలకు అమ్ముచున్నారు. కొనువారిని మేము తప్పుపట్టము. కాని పేలాలు వేయించుట తెలిసినవారికి ఆ పొట్లముతో పని లేదు.

వేయించుటలో నున్న మెలకువ యెల్ల తేమలోనున్నది. గింజ లోపల కొంచెము నీరుండును. వేడి తగులగానే ఆ నీరు ఆవిరియై బయటకు పోవలెనని చూచును. పైపొట్టు గట్టిదైనచో పోనీయదు. పట్టి పట్టి తుదకు పొట్టు పగులును, లోని పిండి నురుగువలె పొంగి తెల్లని పువ్వగును. మొక్కజొన్న విషయమున ఈ పగులుట యించుమించు 180 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో జరుగుననియు, గింజలో నూటికి 13, 14 పాళ్ళు తేమ యున్నప్పుడు బాగుగా విచ్చుననియు పరీక్షించినవారు తేల్చిరి. జొన్నకును న్యాయమిదియే. కావున మరీ ఎండి డొల్లపడిన జొన్న విచ్చదు, పచ్చిజొన్న మాడును. పొట్టు చిట్లిన గింజ, పురుగు తొలిచిన గింజ ఆవిరి నాపలేదు గనుక అవి మంగలమున నల్లబడి కూర్చుండును. గింజ చిన్నదై, గుండ్రనై, కొఱికినచో గాజువలె గట్టిగా నుండునది పేలాలకు మేలు.

కిలో జొన్నలు చెరిగి, రాళ్ళు ఏరి, వెడల్పు పళ్ళెమున పోసి దోసెడు నీళ్ళు చిలుకరించి రెండు చేతులతో కలియదిప్పవలయును. తడిగుడ్డ కప్పి రాత్రియంతయు ఉంచి, తెల్లవారి నీడపట్టున గింజ పైతడి యాఱువరకు పఱచవలయును. ఎండలో పెట్టినచో చేసిన పని యంతయు వృథా. మందమైన ఇనుప మూకుడు బాగుగా కాగిన పిదప, ఒక్కసారికి ఒక్క గుప్పెడు మాత్రము వేసి, కొయ్యకు చుట్టిన గుడ్డతో విరామము లేక కదుపవలయును. చిటచిట మ్రోత తగ్గుచుండగానే చేటలోనికి దింపవలయును. ఇసుకలో వేయించు అలవాటున్నవారు నదిలోని సన్నని యిసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించి యుంచుకొందురు. ఇసుకలో వేడి అన్ని వైపులనుండి సమముగా తగులును గనుక నూటికి విచ్చు గింజలు ఎక్కువ. కాని జల్లించుటలో నేమరినచో పంటి క్రింద పడునది జొన్న కాదు. చిన్నపిల్లలున్న యింట వట్టి మూకుడే మంచిదని మా అభిప్రాయము. ఎంత నేర్పరియైనను కొన్ని గింజలు విచ్చవు. వానిని జల్లెడ పట్టి వేఱుచేసి విసరించినచో అంబలికి పనికివచ్చును.

మరమరాలు ఇంట చేయుట సులభము కాదు. వడ్లు ఉడికించి ఆఱబెట్టి దంచిన బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, కాగిన యిసుకలో వేయింతురు. అది బట్టీవారి నేర్పు, వారియొద్దనే కొనుడు. అటుకులను మాత్రము చూచి కొనవలయును. పలుచనివి వేరు, మందమైనవి వేరు. పలుచనివి పొడి మూకుటిలో వేయించుటకును, మందమైనవి నూనెలో పొంగించుటకును తగును. మొక్కజొన్న అటుకులలోను రెండు జాతులు గలవు. పాలలో వేసికొనుటకు అమ్మెడివి ముందే వేగినవి, వానిని నూనెలో వేసినచో మాడిపోవును. నూనెలో పొంగెడివి వేరుగా పచ్చివి దొరకును. క్రొత్తవారు ఇచ్చట మోసపోవుదురు గనుక అంగడిలో అడిగి తీసికొనుట మేలు.

మా యింట కలపు పాళ్ళివి. మరమరాలు అరకిలో, జొన్నపేలాలు పావుకిలో, పలుచని అటుకులు పావుకిలో, వేరుసెనగపప్పు పావుకిలో, పుట్నాలపప్పు 200 గ్రాములు, చాకుతో పలుచగా తఱిగిన ఎండుకొబ్బరి 100 గ్రాములు. పోపునకు 150 మిల్లీలీటర్ల వేరుసెనగ నూనె, పది పండ్రెండు తుంచిన ఎండుమిరపకాయలు, రెండు వెల్లుల్లిగడ్డలు, నాలుగు గుప్పిళ్ళ కరివేపాకు, చిన్నచెంచాడు పసుపు. వెల్లుల్లి గిట్టనివారు ఇంగువ వేసికొందురు గాక. ఉప్పు మొదట రెండు చిన్నచెంచాలే వేయవలయును, ఏలనన మరమరాలలో ఉప్పు ముందే యున్నది. కలిపి నోట వేసికొని చూచిన తరువాత చాలకున్న మూడవది.

కరివేపాకును కడిగి, గుడ్డపై ఆఱనిచ్చి, చేతితో పట్టుకొన్న తడి తెలియనప్పుడే నూనెలో వేయవలయును. డబ్బా మెత్తబడుటకు నూటికి తొంబది పర్యాయములు కారణము తడి కరివేపాకే. మరమరాలు, అటుకులు, పేలాలు వేఱువేఱుగా పొడి మూకుటిలో సన్నని సెగపై వెచ్చచేసి, చేతితో నలిపిన పొడిపొడి యగునట్లు చూచుకొనవలయును. ఆ పిదప నూనెలో మొదట వేరుసెనగలు, అవి వేగుచుండగా కొబ్బరి, ఆపై వెల్లుల్లి, మిరపకాయలు, కరివేపాకు, తుదను పుట్నాలపప్పు. పొయ్యి ఆర్పిన తరువాతనే పసుపు, కారము. కారము సెగమీద వేసినచో నల్లబడును, ఇంటిల్లిపాదికి దగ్గు వచ్చును. ఈ పోపును వెడల్పు గంగాళములోని పేలాలపై పోసి, చేతులతో క్రిందుమీదుగా కలుపవలయును. గరిటెతో కలిపిన అటుకులు విరుగును. పూర్తిగా చల్లాఱనిదే మూత పెట్టరాదు. తడిలేని డబ్బాలో పదునైదు దినములు కఱకఱలాడుచుండును. అటుపైన కొబ్బరియు, వేరుసెనగలును కనరు వాసన పట్టును.

కారమును గూర్చి మిరపసీమ దానను గనుక రెండు మాటలు చెప్పక మానను. మంచు తడిసిన కల్లములలో, నేలతేమ తగిలి రంగు పోయిన కాయలను తాలుకాయలందురు. చవుకగా వచ్చుననియు, కారములో కలిసిపోవుననియు వానిని తీసికొనువారు కలరు. అది కూడదు. తేమ పట్టిన మిరపకాయలందును, ముడుతపడి బూజెక్కిన వేరుసెనగలందును ఒక జాతి శిలీంధ్రము పెరుగును. అది పుట్టించు విషమునకు అఫ్లటాక్సినని పేరు. వేయించినను అది పూర్తిగా నశింపదు, కాలేయమునకు కీడు చేయును. వేరుసెనగలను పోపులో వేయుటకుముందు చేటలో పోసి ముడుతలు పడినవి, నల్లమచ్చలవి, చేదువి ఏరి పాఱవేయుట పది నిమిషముల పని. ఆ యేరినవి పశువులకు పెట్టుట కూడ మంచిది కాదు.

నూనె విషయమున ఒక్క మాట. పలుమాఱులు కాచిన నూనె చెడునని మన పెద్దలకు వాసనచేతనే తెలియును. ఇప్పుడు దానికి కొలత యేర్పడినది. చెడిన పదార్థములు నూటికి 25 పాళ్ళు దాటిన నూనెను వాడరాదని 2018 జూలైనుండి దేశమంతట నియమము కలదు. మన యింట కొలచు పరికరములుండవు. అరిసెలు వండిన నూనెతో జంతికలు, జంతికల నూనెతో ఈ పోపు, మిగిలినదానితో కనుమనాటి గారెలు అను వరుస మాత్రము మానుకొనవలయును. పోపునకు పట్టునది కొలదినూనె గనుక క్రొత్తది పోయుటకు వెనుకాడరాదు. ఐదేండ్లలోపు పిల్లలకు ఇందలి వేరుసెనగలు గింజలుగా పెట్టరాదు, గొంతున అడ్డుపడును. వారికి కలగలుపును రోట నలుగగొట్టి, కొబ్బరి ముక్కలు తీసివేసి యిచ్చుట యుక్తము.

తీపి కోరువారికి బెల్లపుపాకములో పేలాల యుండలు కలవు. పాకపుచుక్కను నీళ్ళలో వేసిన గట్టి ఉండ కట్టి, పళ్ళెముపై కొట్టిన టంగుమనవలయును. దాని సంగతి యింతే. అందఱకును తెలిసినదానిని మఱల వ్రాసి పుటలు నింపుట మాకు ఇష్టము లేదు.

ఇక పంచుట. సంక్రాంతి వచ్చుసరికి మా చుట్టుపట్ల మిరపకోతలు, ప్రత్తితీతలు ముమ్మరముగా నుండును. మా యూరివారే చాలరు. ఆదోని, కోసిగి మొదలగు కర్నూలు ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే వచ్చి, చేలగట్లపై పట్టలతో గుడిసెలు వేసికొని నెలల తరబడి యుందురు. వారికి భోగి లేదు, కనుమ లేదు. కాయ పండినదా, కోయవలసినదే. వారి పిల్లలు వారితోనే యుందురు. బడిలో పేరొక యూర, పిల్ల మఱియొక యూర. మా యింటివారు బడిపంతులు గనుక సెలవులకు ముందు గుడిసెలు చుట్టివచ్చి, అక్షరములు వచ్చిన పిల్లలెందఱు, రానివారెందఱని వ్రాసికొని రాజొచ్చిరి. ఆ కాగితము చూచినప్పుడు మాకు తోచినది వేఱు. పండుగనాళ్ళలో ఆ పిల్లలు మన వాకిళ్ళ ముగ్గుల ప్రక్కనుండి నడిచి పోవుదురు. మన పిల్లల చేతులలో అరిసె యుండును. వారు చూచీ చూడనట్లు పోవుదురు. చిన్నవారికి ఆ నేర్పు వచ్చుటకన్న దుఃఖము వేఱొకటి కలదా?

పోయినయేడు మా వీధిలోని నాలుగిండ్లవారము కలిసి ఆ పిల్లలందఱికి కలగలుపు పొట్లములు చేయ నిశ్చయించితిమి. పని పంచుకొన్నచో నాలుగు గంటలలో ఐదారు కిలోలు తేలికగా తెములును. ఒకరు వేయింప, ఒకరు చెరుగ, ఒకరు పోపు పెట్ట, ఒకరు పొట్లములు కట్టవచ్చును. అప్పుడు వీధిలోని పెద్దావిడ యొకరు, మేము పిన్నిగారని పిలుచువారు, జీడిపప్పు డబ్బా చూచి, “కూలీపిల్లలకు జీడిపప్పెందుకే అమ్మాయీ? ఆ మరమరాలలో కాస్త ఉప్పు, కారము చల్లి యిచ్చిన చాలదా? జీడిపప్పుది మన పిల్లలకు వేఱుగా చేసికొందము” అనిరి. ఆమె చెడ్డవారు కారు. రోగము వచ్చినవారికి రాత్రులు మేల్కొని చేసెడివారు. చిన్ననాటినుండి చూచినదే ఆమె చెప్పినది. మేమును, “చాలును పిన్నిగారూ. చాలునన్నది మన పిల్లలకును చాలును. జీడిపప్పు ఎవ్వరికిని వద్దు, ఒక్కటే గంగాళమున కలుపుదము” అంటిమి. ఆమె కొంతసేపు మాటాడక కూర్చుండి, పిదప చేట దగ్గఱకు లాగుకొని వేరుసెనగలు ఏరసాగిరి. ఏరుటలో ఆమెను మించినవారు మాలో లేరు.

సోదరీమణులు ఈ విషయమును కొంచెము యోచింపవలయును. మన యిండ్లలో పంచుటకు రెండు డబ్బాలుండుట తెలియనిది కాదు. నేతివి చుట్టములకు, నూనెవి పనివారికి. విరుగనివి పైవారికి, విరిగినవి వాకిటికి వచ్చినవారికి. ఇచ్చు తీరును అట్లే. దూరమున నిలువబెట్టి, పైనుండి కొంగులోనికి జాఱవిడుచుట నిన్నమొన్నటివఱకు మర్యాదగానే చెల్లినది, కొన్ని చోట్ల నేటికిని చెల్లుచున్నది. అట్లిచ్చిన దానిని తిన్నవారికి కడుపు నిండునో లేదో గాని, ఇచ్చినవారి డబ్బాలో నేమున్నదో వారికి బాగుగా తెలియును. పిల్లలకు మఱింత బాగుగా తెలియును.

కావున మేము చేసినది చెప్పుచున్నాము. నచ్చినవారు అనుసరింపవచ్చును. పొట్లములను పెద్దలచేత గాక పిల్లలచేత ఇప్పించితిమి. భోగికి ముందునాటి సాయంకాలము, కోతలు ముగించి వారు గుడిసెలు చేరిన తరువాత, మా పిల్లలు పోయి ఒక్కొక్కరిని పేరడిగి చేతికిచ్చిరి. పొట్లములకు వార్తాపత్రికలు వాడలేదు. అచ్చుసిరా తిండికి అంటుట ఆరోగ్యమునకు హానియని ఆహారభద్రతాధికారులు 2016లోను, మఱల 2023లోను హెచ్చరించియున్నారు. తెల్లకాగితపు సంచులు పిల్లలే అతికించిరి. మాలో నొకరు పాతచీరల గుడ్డతో చిన్న సంచులు కుట్టిరి. అవి అన్నిటికంటె నచ్చినవి, ఏలనన తినుట ముగిసిన తరువాత వానిలో బలపములు పెట్టుకొనిరట. మఱునాడు ఆ గుడిసెలలోని తల్లి యొకతె ప్రొద్దుననే వచ్చి, గుడ్డలో చుట్టిన ఎండు జొన్నరొట్టెలు నాలుగు మా చేత పెట్టినది. పగిలిన అద్దమువలె గలగలలాడు రొట్టెలు, వారి సీమలో దినముల తరబడి నిలువయుంచుకొందురు. ఎంత వద్దన్నను వినలేదు. ఆనాటి మా భోగి భోజనమున అందఱము వానిని తుంచుకొని తింటిమి. పిన్నిగారికి పండ్లు లేవు గనుక మజ్జిగలో నానవేసికొనిరి.

మఱియొక యిల్లు మఱవకూడదు. ఏడాదిలోపల పెద్దవారు గతించిన యింట పండుగ చేయరు, మూకుడు పెట్టరు. ఆ యింటి పిల్లలకు ఆ నియమము తెలిసినను నాలుకకు తెలియదు. ఇరుగుపొరుగువారు అడుగకయే వారికి అన్నియు పంపుట మన పెద్దలు పెట్టిన ఆచారము. ఇప్పుడు అపార్టుమెంటులలో ఎదుటి తలుపువారి యింట ఎవరు పోయిరో కూడ తెలియకున్నది. పంపునప్పుడు పేలాలు పంపవచ్చునా యను శంక కొందఱికి గలదు. నిక్షేపముగా పంపవచ్చును. డబ్బా తిరిగి యీయనక్కఱలేదని ముందుగానే చెప్పి యిండు. దుఃఖములో నున్నవారికి వట్టిడబ్బా తిరిగి పంపరాదను మర్యాద యొక బరువు కాకూడదు.

మధుమేహమున్నవారికి ఈ కలగలుపు వీసెల కొలది తినదగినది కాదని చెప్పవలసియున్నది. మరమరాలు, అటుకులు త్వరగా జీర్ణమై రక్తమున చక్కెర నెక్కించును. వారికి మరమరాలు సగము తగ్గించి పుట్నాలు, వేరుసెనగలు, జొన్నపేలాలు పెంచి, చిన్నగిన్నెలో పోసి యిచ్చుట యుక్తము. డబ్బాయే చేతికిచ్చినచో మంచివారికి కూడ హద్దు తెలియదు. రక్తపుపోటు గలవారికి ఉప్పు తగ్గించి, నిమ్మ ఉప్పు చిటికెడు కలిపిన రుచి లోటు తెలియదు.

అమెరికా దేశమున నున్న బిడ్డలకు పంపదలచినవారు కొబ్బరిని మానుట మేలు, మార్గమున మొదట కనరెక్కునది అదియే. అయినను అచ్చటి మన ఆడపిల్లలు ఊరకుండరు. కెలాగువారి బియ్యపు పొంగులను మరమరాల బదులు, మొక్కజొన్న రేకులను అటుకుల బదులు పోసి, కరివేపాకు మాత్రము ఇండియా అంగడిలో వెదకి తెచ్చుకొని, దీపావళికిని సంక్రాంతికిని చేసికొనుచున్నారు. ఆ దేశపువారికి కూడ ఇట్టిదే యొకటి కలదు. క్రిస్‌మసు దినములలో గోధుమ, బియ్యపు చెక్కులకు వెన్న, మసాలా పట్టించి, గింజపప్పులు చేర్చి, పొయ్యిపెట్టెలో వేచి, ఇరుగుపొరుగులకు డబ్బాలతో పంచుకొందురు. 1950 ప్రాంతముల తరువాత అది ఇంటింటి వాడుక యైనదట. అచ్చటివారి డబ్బా మన పిల్లల యింటికిని, మన పిల్లల డబ్బా వారి యింటికిని పోవుచుండును. మనది తిన్నవారు మంచినీళ్ళడుగుదురని వినికిడి. పల్నాటి కారము గదా!

డబ్బా అడుగున మిగులు పొడిని పాఱవేయక, వేడి అన్నములో నేయి వేసికొని కలుపుకొన్నచో కారప్పొడికి తీసిపోదు. మాఘమాసపు ఎండలు వచ్చుచున్నవి గనుక వచ్చు సంచికలో గుమ్మడి వడియములను గూర్చి వ్రాయుదుము. బూడిదగుమ్మడికాయలు ముదిరినవి చూచి ఇప్పుడే అటకపై పెట్టుకొనుడు.